ఓషధీనామ నిర్ణయం – పండితుల కర్తవ్యం

తెలుగువారి ఇంట వైద్యం వంటింటి నుండియే ఆరంభమవుతుంది. జలుబు చేసినపుడు మిరియాల చారు, కడుపు ఉబ్బరించినపుడు వాము, దగ్గు వచ్చినపుడు బుగ్గన కరక్కాయ ముక్క, బాలింతకు శొంఠిపొడి, పసిబిడ్డకు వసకొమ్ము గంధం, తలంటుకు కుంకుడుకాయ, నలుగుకు సున్నిపిండి – ఇవి ఏ వైద్యుని చీటీ లేకుండ తరతరాలుగా సాగివచ్చిన వాడుకలు. వీటినన్నిటిని మూఢాచారాలని త్రోసివేసిన కాలం ఒకటి గడచినది. వీటిలో ప్రతిదానిని ప్రశ్నింపరాని సత్యంగా కొనియాడే కాలం ఇప్పుడు నడుస్తున్నది. ఈ రెండు కాలాలలోను అడగవలసిన మొదటి ప్రశ్న మరుగున పడినది. గ్రంథంలో చెప్పిన మొక్కయే చేతిలో ఉన్న మొక్క అని నిర్ణయించినవారెవరు?

ఈ ప్రశ్న వైద్యశాస్త్రానికి సంబంధించినదే అయినా, దానికి పూర్వరంగం భాషాశాస్త్రానిది. శ్లోకంలోని పదం ఏ అర్థంలో ఉన్నది, దాని పాఠం శుద్ధమా కాదా, దానికి తెలుగులో నిలిచిన పేరు ఏ మార్గాన వచ్చినది అనే విచారణ ముగిసిన తరువాతనే మందు సంగతి వస్తుంది. ఈ విచారణకు తగిన శిక్షణ ప్రాచ్య కళాశాలలలో చదివినవారికే ఉన్నది. అయినను ఈ బాధ్యతను ప్రాచ్య కళాశాలలు తమదిగా స్వీకరించినట్లు కనబడదు. అమరకోశంలోని వనౌషధివర్గం పరీక్షకు కంఠస్థం చేయవలసిన పాఠంగా మిగిలినది. పర్యాయపదాలన్నీ తడబడక అప్పగించే విద్యార్థికి కళాశాల ప్రహరీ వెంట పెరిగే ఉత్తరేణి అపామార్గమని తెలియకపోవడం సాధారణమైపోయినది.

నామరూప జ్ఞానం

ఓషధుల నామరూపాలను అడవిలో మేకలను, గొఱ్ఱెలను, ఆవులను కాచుకొనేవారు, ఇతర వనవాసులు ఎరుగుదురని చరకసంహిత సూత్రస్థానం ప్రథమాధ్యాయంలోనే చెప్పినది. నామరూపాలు తెలిసినంత మాత్రాన చాలదనీ, వాటి ప్రయోగం ఎరిగినవాడే వైద్యుడనీ ఆ వెంటనే హెచ్చరించినది. తెలియని ఔషధం విషం వంటిది, శస్త్రం వంటిది, అగ్ని వంటిది అని కూడ అక్కడనే భావం. ఈ మాటలలో విద్యావిభజన ఒకటి ఉన్నది. పశువులకాపరికి రూపం తెలుసు, పండితునికి నామం తెలుసు, వైద్యునికి ప్రయోగం తెలుసు. ముగ్గురూ ఒకచోట కలిసినపుడే ఔషధం సిద్ధిస్తుంది. నేటి స్థితిలో ముగ్గురూ విడిపోయినారు. రూపమెరిగిన వృద్ధులు పల్లెలలోను, అడవి అంచులలోను ఒక్కొక్కరుగా తరలిపోతున్నారు. ప్రయోగమెరిగిన వైద్యుడు అంగడి నుండి వచ్చిన పొడిని నమ్ముతున్నాడు. నామమెరిగిన పండితుడు ఆ నామాన్ని పుస్తకం దాటి బయటకు తీసుకొని రావడం లేదు.

నామమనేది ఎంత జారుడు నేలయో నిఘంటుకారులకు తెలుసు. ఓషధులకు పేర్లు రూఢి, ప్రభావం, దేశ్యోక్తి, లాంఛనం, ఉపమ, వీర్యం, ఇతరాహ్వయం అనే ఏడు హేతువుల వలన ఏర్పడుతున్నవని రాజనిఘంటుకర్త నరహరి విభజించినాడు. ఆకు కప్పవలె ఉండుట చేత మండూకపర్ణి అనడం ఉపమ. క్రిములను హరించుట చేత వాయువిడంగాలను క్రిమిఘ్నమనడం ప్రభావం. ఇందులో దేశ్యోక్తికి స్థానమిచ్చుట ప్రత్యేకంగా గమనింపదగినది. జనులు తమ తమ ప్రాంతాలలో పిలుచుకొనే మాటను కూడ ప్రమాణంగా స్వీకరించుటకు సంస్కృత నిఘంటుకారుడు సంకోచింపలేదు. నేటి పండితుడు మాత్రం పల్లె మాటను అపభ్రంశమని దూరముంచడం విచారకరం.

పేరు గుణాన్ని బట్టి ఏర్పడినపుడు అదే గుణమున్న మరొక మొక్కకు కూడ అది చెల్లుతుంది. అమరకోశంలో అమృతా అనే పదం తిప్పతీగకు, కరక్కాయకు, ఉసిరికకు మూటికీ పర్యాయమే. అనంతా అనే పదం గరికకూ ఉన్నది, సుగంధిపాలకూ ఉన్నది. రసశాస్త్ర గ్రంథాలలో అమృతమనే మాట వత్సనాభమనే ఘోరమైన విషానికి కూడ సంకేతం. శ్లోకంలో కనబడిన అమృతశబ్దానికి ఏ అర్థం గ్రహించవలెనో ప్రకరణం, సాహచర్యం, లింగం, వ్యాఖ్యానం చూచి నిర్ణయించుట శాస్త్రవాక్యాలకు అర్థనిర్ణయం చేయడంలో ఆరితేరిన పండితునికి కష్టం కాదు. నిఘంటువు తెరచి మొదట కనబడిన అర్థాన్ని వ్రాసుకొనే అనువాదకునికి అది ప్రాణాంతకమైన పొరపాటు కావచ్చును.

తెలుగులోని చిక్కులు

సంస్కృత నామం తెలుగులోకి వచ్చునపుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. వచా అనే పదానికి తెలుగు రూపం వస. చాల మాటలాడే పిల్లవానిని చూచి వస ఎక్కువ పోసినారని నవ్వుకోవడం తెలుగువారి ఇండ్లలో మామూలే. వత్సనాభం తెలుగులో వసనాభి అయినది. ఒకటి తల్లి చేతి మీదుగా బిడ్డ నాలుకకు చేరే కొమ్ము. రెండవది శుద్ధి చేయనిదే వైద్యుడు సైతం తాకని విషం. వేరువేరు సంస్కృత పదాలు ధ్వని పరిణామం చేత తెలుగులో ఒకే రెండక్షరాలతో ఆరంభమయ్యే పేర్లైనవి. ఈ పరిణామం తద్భవ ప్రకరణం చదివిన విద్యార్థికి సులభంగా బోధపడుతుంది. కాని తద్భవాలను బోధించునపుడు ఈ జంటను ఉదాహరణంగా చూపే ఆచారం లేదు.

ఒక్క దీర్ఘం చేత మొక్కయే మారిపోయే సందర్భాలు కూడ ఉన్నవి. మధుకమనగా అతిమధురం, తియ్యని వేరు. మధూకమనగా ఇప్పచెట్టు. తాళపత్రంలో ఈ రెంటి మధ్య భేదం కొమ్ముకు దీర్ఘం ఉండుట, లేకుండుట మాత్రమే. వ్రాయసకాని గంటం కొంచెం జారిన చోట వేరు చెట్టవుతుంది, చెట్టు వేరవుతుంది. సుశ్రుతుడు పండ్లు తోముకొనే పుల్లలను రసాన్ని బట్టి విభజించి, చేదులో వేప, వగరులో చండ్ర, కారంలో కానుగ, తీపిలో మధూకం శ్రేష్ఠమన్నాడు. అక్కడ దీర్ఘంతో కూడిన పుంలింగ రూపం ఉన్నది. మిగిలిన మూడూ చెట్లు. కనుక అది ఇప్పపుల్లయే గాని అతిమధురం వేరు కాదని వ్యాకరణం, సాహచర్యం రెండూ కలిసి చెబుతున్నవి. అతిమధురాన్ని అధికంగా దీర్ఘకాలం సేవించినవారికి రక్తపోటు పెరుగుతుందని నేటి వైద్యులు నిర్ధారించినారు. కాబట్టి హ్రస్వదీర్ఘాల విచారణ పండితుల వినోదం మాత్రమే కాదు.

మూడవ చిక్కు అర్థసామ్యం వలన కలిగేది. అమరకోశం భూనింబాన్ని కిరాతతిక్తానికి పర్యాయంగా చెప్పినది. అది హిమాలయ ప్రాంతాలలో పెరిగే మొక్క. భూనింబమనే సమాసాన్ని తెనిగిస్తే పదానికి పదంగా నేలవేము అవుతుంది. కాని తెలుగుదేశంలో నేలవేము అని పిలిచేది అడ్డసరం కుటుంబానికి చెందిన వేరొక మొక్క. రెండూ మిక్కిలి చేదు. జ్వరాలలో రెండింటికీ వాడుక ఉన్నది. అయినను రెండింటి కుటుంబాలు వేరు, రసాయన ద్రవ్యాలు వేరు. గ్రంథంలో ఒకదానికి చెప్పిన మోతాదును, అనుపానాన్ని రెండవదానికి యథాతథంగా అన్వయించుటకు ప్రమాణం లేదు. నేలవేము తనంతట తాను మంచి మందు కావచ్చును. దాని మంచితనాన్ని దాని అనుభవంతోనే స్థాపించవలెను గాని, హిమాలయపు మొక్క కీర్తిని దానికి అరువు ఇవ్వరాదు.

ఇటువంటి ప్రాంతభేదాలకు కొదవ లేదు. రాస్నా అనగా ఉత్తరదేశంలో ఒక మొక్క, దక్షిణదేశంలో దుంపరాష్ట్రం. బ్రాహ్మి అనగా కొందరికి సరస్వతీ ఆకు, మరికొందరికి నీటి తావులలో నేలబారుగా ప్రాకే దళసరి ఆకుల మొక్క. పునర్నవ అనగా ఒక ఊరిలో అటికమామిడి, మరొక ఊరిలో గలిజేరు. ఇండ్ల ముందు, కార్యాలయాల ముందు నిటారుగా పెంచే చెట్టును నగరవాసులు అశోకమంటున్నారు. అది నరమామిడి. స్త్రీల రోగాలకు గ్రంథాలు చెప్పిన అశోకం ఎఱ్ఱని పూగుత్తుల చెట్టు. దాని బెరడుకు బదులు దీని బెరడు అంగడికి చేరడం నేడు పుట్టిన మోసం కాదు.

రాయలసీమలో వేసవి రాగానే ప్రతి బజారులోను కనబడే నన్నారి పానకాన్ని కూడ ఇక్కడ చెప్పుకోవలెను. గ్రంథాలలోని సారిబకు తెలుగు సుగంధిపాల. దాని వేరు సన్ననిది. పానకానికి విస్తారంగా వాడేది మారేడుగడ్డ. అది బొద్దుగా, కండగలిగి ఉంటుంది. రెండింటి పరిమళం ఒకటే, ఆ పరిమళానికి కారణమైన ద్రవ్యమూ ఒకటే. బిల్వమనే మారేడుతో ఈ గడ్డకు సంబంధమే లేదు. పానీయం వరకు ఈ మార్పు వలన హాని లేదు. కాని ఒక పేరు క్రింద రెండు వేళ్లు అమ్ముడుపోవుట వలన, అడవిలో ఏది ఎంత తరుగుతున్నదో తెలియకుండ పోతున్నది. నల్లమల, శేషాచలం కొండలలో మారేడుగడ్డ త్రవ్వకం మితిమీరి ఆ తీగ అరుదవుతున్నది. పేరు సరిగా లేనిదానికి రక్షణ కూడ సరిగా ఉండదు.

తిప్పతీగ నేర్పిన పాఠం

నామనిర్ణయం ఎంత అవసరమో 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ మహమ్మారి లోకానికి చూపినది. ఆ దినాలలో తిప్పతీగ కషాయం త్రాగని వీధి లేదు. కంచె మీద ప్రాకిన ప్రతి హృదయాకారపు ఆకుల తీగనూ జనులు తెంపి మరిగించినారు. 2021లో ముంబయి వైద్యులు కొందరు తిప్పతీగ సేవించిన రోగులలో కాలేయం దెబ్బతిన్నట్లు ప్రకటించినారు. వారిలో కొందరికి స్వీయ రోగనిరోధక సంబంధమైన కాలేయ లక్షణాలు కనిపించినవని కూడ వ్రాసినారు. ఆ నిర్ణయం తొందరపాటని ఆయుష్ మంత్రిత్వశాఖ ఖండించి, గ్రంథోక్తమైన గుడూచి సురక్షితమనీ, దానిని పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే తీగ వలన హాని కలిగి ఉండవచ్చుననీ వాదించినది. 2022లో కూడ ఇరుపక్షాల వాదాలు సాగినవి. వివాదంలోని వైద్యాంశాన్ని తేల్చవలసినవారు వైద్యులే. అయితే ప్రభుత్వ పక్షం నుండి వచ్చిన సమాధానమే, తీగ గుర్తింపు తప్పితే ప్రాణానికి ముప్పు అని అంగీకరించినది. ఈ అంగీకారం పండితులకు పిలుపు వంటిది.

గుడూచికి నిఘంటువులు చెప్పిన పేర్లను ఒకసారి పరిశీలించవచ్చు. నరికినా మరల మొలకెత్తుతుంది కనుక ఛిన్నరుహ. దూడలు మేస్తవి కనుక వత్సాదని. కాండాన్ని అడ్డంగా కోస్తే చక్రం వలె గీతలు కనబడును కనుక చక్రలక్షణ. ఇవి స్తుతులు కావు, గుర్తులు. పుస్తకం లేని కాలంలో శిష్యుడు కొడవలితో కోసి, చక్రాన్ని చూచి, పేరును మనసులో నాటుకొన్నాడు. అయితే ఈ గుర్తులు కూడ సర్వసమర్థాలు కావు. దగ్గరి జాతి తీగలలోను ఇటువంటి లక్షణాలు కనబడవచ్చు. క్రిస్పా కాండం మీద బొడిపెలు అధికంగా ఉండుననీ, కోసినపుడు పాలవంటి స్రావం వచ్చుననీ, తిప్పతీగకు ఆ రెండూ లేవనీ నేటివారు చెప్పిన భేదాన్ని పాత గుర్తులకు జోడించవలెను. ప్రాచీన నామం దారి చూపగా నవీన వృక్షశాస్త్రం గమ్యం చేర్చుతుంది. ఈ రెండింటిలో దేనిని విడిచినా ప్రమాదమే.

పత్రి పూజలోని పాఠం

నామరూపాలను కలిపి నేర్పే సంప్రదాయం తెలుగువారికి లేకపోలేదు. వినాయక చవితినాటి ఏకవింశతి పత్రపూజ అట్టిదే. పురోహితుడు అపామార్గమనగానే ఇంటి పిల్ల ఉత్తరేణిని, సింధువారమనగానే వావిలిని, అర్జునమనగానే మద్దిని, బృహతి అనగానే వాకుడును అందించవలెను. ఏటికొకసారి జరిగే ఈ పరీక్ష ఒకప్పుడు ప్రతి ఇంటిలోను ఉన్నది. పిల్లలు పత్రి కోసం గట్లంట తిరిగినారు. నేడు బజారులో కట్టగా కట్టిన ఆకులు వస్తున్నవి. అందులో ఇరవై ఒకటి ఉన్నవో లేవో లెక్కించేవారు అరుదు. గండకీ పత్రమేదో, తెలుగుదేశపు మైదానాలలో దేవదారు పేరిట ఏ ఆకును గ్రహించవలెనో విచారించేవారు ఇంకా అరుదు.

ఈ పత్రిని గురించి ప్రచారంలోకి వచ్చిన ఒక అత్యుక్తిని ఖండింపక తప్పదు. పూజకు వాడే ఆకులన్నీ ఔషధాలేననీ, వాటిని సేవించిన సర్వరోగాలు పోవుననీ ఏటేటా వ్రాతలు వస్తున్నవి. ఆ 21 పత్రాలలో ఉమ్మెత్త ఉన్నది, గన్నేరు ఉన్నది, జిల్లేడు ఉన్నది. ఉమ్మెత్త మతి తప్పించగలదు, ప్రాణమూ తీయగలదు. గన్నేరు గుండె లయను దెబ్బతీయును. వీటిని పూజలో చేర్చిన పూర్వులకు అవి విషాలని బాగుగా తెలుసు. దేవుని పాదాల చెంత ఉంచినది నోటిలో వేసుకొనదగినదని వారు ఎన్నడూ చెప్పలేదు. ఆరాధ్యమైన ఆకుకు, సేవ్యమైన ఆకుకు గల భేదాన్ని చెరిపివేయుట సంప్రదాయాభిమానం అనిపించుకొనదు.

కొన్ని ఆక్షేపణలు

ఇక్కడ మూడు ఆక్షేపణలు రావచ్చును. వృక్షశాస్త్రజ్ఞులు ప్రతి మొక్కకు లాటిన్ పేరు నిర్ణయించినారు గనుక పండితుని అవసరమేమున్నదనునది మొదటిది. లాటిన్ పేరు చేతిలో ఉన్న మొక్కను నిర్ణయిస్తుంది. గ్రంథకర్త మనసులో ఉన్న మొక్కను అది నిర్ణయింపలేదు. ఆ రెండింటికి వంతెన వేయవలసినది పాఠపరిశీలన, వ్యాఖ్యానపఠనం, ప్రాంతీయ నామ సేకరణ. పసుపుకు గాయాలను మాన్పే గుణమున్నదన్న విషయంపై 1995లో అమెరికాలో లభించిన పేటెంటు 1997లో రద్దైనది. భారతీయ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి చూపిన ఆధారాలలో సంస్కృత గ్రంథవాక్యాలు కూడ ఉన్నవి. ఆ వాక్యాలను చదివి అర్థం చెప్పగలవారు లేకుంటే ఆ ఆధారం ఉండీ లేనట్లే అయ్యేది. 2001లో సాంప్రదాయిక విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆరంభమైనది కూడ ఈ అవసరాన్ని గుర్తించియే.

పేరు ఏదైతేనేమి, అనుభవముంటే చాలుననునది రెండవ ఆక్షేపణ. ఒక ఊరిలో ఒక వృద్ధురాలు తన పెరటి మొక్కను తన చేతితో కోసి ఇచ్చినంతవరకు ఈ మాట నిజం. ఆమెకు పేరు కంటె మొక్కతోనే పరిచయం ఎక్కువ. కాని ఆమె చెప్పిన పేరు పత్రికకు ఎక్కి, రేడియోలోనో దూరదర్శన్‌లోనో వినబడి, ఇంటర్నెట్ ద్వారా మరొక జిల్లాకు, మరొక దేశంలోని తెలుగువారి ఇంటికి చేరినపుడు, మొక్క వెంట వెళ్లదు. పేరు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. అక్కడ ఆ పేరుకు వేరొక మొక్క ఉంటే ఆమె అనుభవం వారికి అపకారం చేస్తుంది.

ప్రాచీనులు చెప్పిన దానిని శంకించుట అపచారమనునది మూడవది. నరహరి దేశ్యోక్తిని అంగీకరించుటయు, వ్యాఖ్యాతలు ఒకరి నిర్ణయాన్ని మరొకరు ఖండించుటయు, చరకుడు తెలియని ఔషధాన్ని విషంతో పోల్చుటయు ఈ ఆక్షేపణకు తగిన సమాధానాలు. శంకించి నిశ్చయించుకొనుటయే ప్రాచీనుల మార్గం.

చేయదగిన పనులు

ఈ విషయంలో ప్రాచ్య కళాశాలలు చేయగల పనులు గొప్ప ధనవ్యయం లేనివే. వనౌషధివర్గాన్ని తరగతి గదిలో కాక మొక్కల నడుమ బోధించవచ్చును. కళాశాల ఆవరణలో చిన్న తోట పెంచి, ప్రతి మొక్క వద్ద అమరకోశంలోని పేరు, గురుబాలప్రబోధిక ఇచ్చిన తెలుగు అర్థం, ఆ ప్రాంతపు వాడుక పేరు, శాస్త్రీయ నామం వ్రాసి ఉంచవచ్చును. సెలవులకు స్వగ్రామం వెళ్లే ప్రతి విద్యార్థి ఇంటి పెద్దల వద్ద పది మొక్కల పేర్లు, వాటిని గుర్తుపట్టే విధం, ఊరి పేరు, సంవత్సరం వ్రాసుకొని, ఎండబెట్టిన కొమ్మతో సహా తెచ్చి అప్పగిస్తే, పదేండ్లలో తెలుగునేల నాలుగు చెరగుల నామసంపద ఒకచోట చేరుతుంది. చెంచులు, యానాదులు మొదలైనవారి వద్ద సేకరించునపుడు వారి పేరు మీదనే ఆ జ్ఞానాన్ని నమోదు చేయుట ధర్మం.

వైద్యగ్రంథ పరిష్కరణలో కూడ మార్పు రావలెను. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ, చెన్నై ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం, తంజావూరు సరస్వతీ మహలు వంటి చోట్ల తెలుగు లిపిలోని తాళపత్రాలు ఎన్నో ఉన్నవి. సంస్కృతంతోపాటు తెలుగు భాగాలు కలిగిన బసవరాజీయం వంటి గ్రంథాలలో ఒక మొక్కకు రెండు భాషలలోని పేర్లు ప్రక్కప్రక్కనే దొరికే అవకాశం ఉన్నది. ఇట్టి గ్రంథాన్ని ప్రకటించునపుడు ఓషధీనామాల పట్టికను, పాఠభేదాలను అనుబంధంగా ఇచ్చుట నియమం కావలెను. ఆ పట్టికను ఒక వైద్యుడు, ఒక వృక్షశాస్త్రజ్ఞుడు చూచి సమ్మతించిన తరువాతనే అచ్చుకు పంపవలెను. సందేహమున్న చోట సందేహమని వ్రాయుటకు పరిష్కర్త సిగ్గుపడరాదు. నిశ్చయం లేని చోట నిశ్చయంగా వ్రాసిన అర్థం ఏదో ఒకనాడు ఎవరి ఇంటిలోనో కషాయమై కాగుతుంది.

వంటింటి వైద్యానికి కూడ హద్దు చెప్పుట పండితుని పనియే. శొంఠి, మిరియం, వాము, పసుపు వంటివి ఆహారంగా నిత్యపరిచితాలు, గుర్తింపులో పొరపాటుకు తావు తక్కువ. వంటలో వాడే పాళ్లలో అవి చిన్న బాధలకు ఉపశమనమిచ్చును. అడవి నుండి, కంచె నుండి తెచ్చిన ఆకు, వేరు, బెరడు ఆ కోవకు చెందవు. వాటిని ఎరిగినవారు చూపనిదే, వైద్యుడు చెప్పనిదే లోనికి తీసికొనరాదు. జబ్బు ముదిరే సూచన ఉన్నపుడు కషాయాన్ని నమ్మి కాలయాపన చేయరాదు. ఈ రెండు వాక్యాలు గృహవైద్య వ్యాసాలన్నింటిలోను ఉండవలెను.

పల్లెలో గట్టున కూర్చున్న వృద్ధురాలికి మొక్క తెలుసు. ప్రాచ్య కళాశాల విద్యార్థికి శ్లోకం తెలుసు. ఆ గట్టుకు, ఈ కళాశాలకు మధ్య దూరం తరచు రెండు మూడు మైళ్లకు మించదు. ఆమె ఉండగానే ఆ దూరం నడచి, పేరుకు రూపాన్ని కలిపి వ్రాసిపెట్టుకొనుట నేటి పండితులకు సాధ్యమైన పని. ఆమె తరువాత ఆ పని ఎవరికీ సాధ్యం కాదు.